గిన్నికోళ్లు అరవని మనిషి

అమ్మ పోయిన రోజునే పెరటి తలుపు తాళంచెవి కూడా పోయింది. మొదటిదాని గురించి వచ్చినవాళ్లందరూ మాట్లాడారు. రెండోదాని సంగతి చాలా నెలలదాకా ఎవరికీ తెలియలేదు. పెరట్లోకి వెళ్లే మనిషి ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే.

మిగిలింది ముగ్గురు. నాన్న బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. నానమ్మ, అంటే ఆయన తల్లి, ఏ పని నుంచీ ఇంకా రిటైరవలేదు. కూతురు ప్రైమరీ స్కూల్లో టీచరు. వీధిలో అందరూ ఆమెని టీచరనే పిలుస్తారు. కోపం వస్తే నానమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

నాన్న సర్వీసంతా అరిచి బతికిన మనిషి. ముందుకి జరగండి, చిల్లర తీయండి, ఫుట్‌బోర్డు మీద ఎవరది అని అరిచీ అరిచీ ఇంట్లో ఉప్పు అడిగినా బస్సు చివరి సీటుకి వినిపించేలా అడిగేవారు. అమ్మ పోయాక ఆ గొంతు ఆగింది. ఊఁ, వద్దు, తర్వాత. ఈ మూడు మాటలతో రోజులు నెట్టుకొస్తున్నారు.

"ఈ ఇంట్లో ఏదో ఒకటి అరవాలి," అంది నానమ్మ ఒక ఆదివారం పొద్దున. "మనిషి అరిస్తే బాగోదు. కోళ్లు తెద్దాం."

"ఊఁ," అన్నారు నాన్న.

"ఎవరు చూస్తారు నానమ్మా వాటిని?"

"నిన్ను పెంచినదానికన్నా కష్టమా?"

ముగ్గురూ కలిసి సంతకి వెళ్లారు. ముగ్గురూ కలిసి వెళ్లారు కాబట్టి ఒక్క మాట మీద ఏదీ జరగలేదు. నాన్న నోరు తెరవకుండా వేలు పెట్టి పెట్టల్ని చూపించారు, వాటితో పాటు ఒక పుంజుని. కోడికి కోపం ఎక్కువ, బాతు మర్యాదస్తురాలు అని నానమ్మ బాతుల దగ్గర కూర్చుండిపోయింది. టీచరుకి నచ్చినవి మూడో గంపలో ఉన్నాయి. బూడిదరంగు ఒళ్లంతా తెల్లటి చుక్కలు, ఒంటికి సరిపోని చిన్న తల. గిన్నికోళ్లమ్మా, అన్నాడు అమ్మేవాడు. చాలా నెమ్మదస్తులు, ఇంట్లో ఉన్నట్టే తెలీదు అని కూడా అన్నాడు.

గుడ్డ కప్పి చీకట్లో ఉంచితే ఎవరైనా నెమ్మదస్తులేనని ఆమెకి తర్వాత తెలిసింది.

గంపలు ఇంటికి చేరాయి. నాన్న పెరటి తలుపు దగ్గరికి వెళ్లి, తాళం పట్టుకుని, వెనక్కి చూడకుండా చెయ్యి చాపారు. ఆ చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు.

"చెవి ఏదీ?"

నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి రెండు మాటల వాక్యం అది. సంతోషించే స్థితిలో ఎవరూ లేరు.

డబ్బాలు వెతికారు, పరుపులు ఎత్తి చూశారు. అమ్మ ఎక్కడ పెట్టేదో అమ్మకే తెలుసు. ఆ రాత్రికి పెట్టలు భోజనాల బల్ల కింద, బాతులు స్నానాల గదిలో, గిన్నికోళ్లు హాల్లో ఒక మూల సర్దుకున్నాయి. పక్కింటావిడ విషయమేమిటో చూద్దామని గుమ్మంలో కాలు పెట్టగానే గిన్నికోళ్లన్నీ ఒక్కసారి గొంతెత్తాయి. తుప్పు పట్టిన గేటుని పదిమంది కలిసి లాగినట్టుంది ఆ శబ్దం. ఆవిడ విషయం తెలుసుకోకుండానే వెళ్లిపోయింది.

"ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, గూడు లేకుండానే సంతానం దిగింది," అంది నానమ్మ, స్నానాల గది బయట తువ్వాలు భుజాన వేసుకుని బాతుల కోసం ఆగుతూ.

మర్నాడు సాయంత్రం తాళాలబ్బాయి వచ్చాడు. బస్టాండు పక్కన అతనిదో చిన్న కొట్టు. వీధిలో సగం ఇళ్ల తాళాలు అతని చేతిమీదుగా వచ్చినవే. హాల్లోకి అడుగు పెట్టగానే గిన్నికోళ్లు తమ పని చేశాయి. అతని చేతిలోంచి పనిముట్ల పెట్టె జారి కిందపడింది.

"కంగారు పడకండి. కొత్తవాళ్లని చూస్తే అంతే," అంది టీచరు.

"వీటికి తాళం లేదాండీ?"

ఆమె నవ్వలేదు. అతను తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగా పాతది. లోపలంతా తుప్పే. ఐదు నిమిషాల్లో పగలగొట్టేస్తాను."

"పగలగొట్టడానికైతే మీరెందుకు? సుత్తి మా ఇంట్లోనూ ఉంది."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"తెరవడానికి."

"తలుపు తెరుచుకోవడమే కదండీ కావాల్సింది. రెండూ ఒకటే."

"ఒకటి కాదు."

క్లాసులో ఏ ప్రశ్నకైనా మూడు రకాలుగా జవాబు చెప్పగల మనిషి, తలుపుని చూస్తూ నిలబడిపోయింది.

"మా కోడలు వేసిన తాళం బాబూ అది," అంది నానమ్మ వెనకనుంచి. "ఇంక ఆ అమ్మాయి రాదు తీయడానికి."

తాళాలబ్బాయి సుత్తిని పెట్టెలో పెట్టేశాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. తర్వాత సన్నటి కడ్డీలు రెండు తీసి, "టైం పడుతుందండీ. టీ దొరుకుతుందా?" అన్నాడు.

టైం పట్టింది. టీచరు బల్ల దగ్గర కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంది. ఒక బాతు వచ్చి అతని పక్కన నిలబడి పని చూసింది. అతను మధ్యమధ్యలో ఆగి, "నువ్వేమంటావ్?" అని దాన్నే అడిగాడు. అడిగినప్పుడల్లా టీచరు తలెత్తింది. ఆమె తలెత్తినప్పుడల్లా అతను తాళాన్నే చూస్తున్నాడు. ఒక పుస్తకంలో సరైన జవాబుకి ఇంటూ పెట్టి, మళ్లీ దాన్ని కొట్టేసి టిక్కు పెట్టింది.

చివరికి చిన్న శబ్దమైంది. తాళం ఊడి అతని చేతిలోకి వచ్చింది. అతను లేచి పక్కకి జరిగాడు.

"వచ్చేసింది. తలుపు మీరే తీయండి."

నాన్న వచ్చి తీశారు. పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. దండెం మీద బట్టలకి పెట్టే క్లిప్పులు రెండు, దేన్నీ పట్టుకోకుండా ఉన్నాయి. నాన్న గుమ్మం దాటలేదు.

బాతులకి అంత ఓపిక లేదు. ఆయన కాళ్ల మధ్యనుంచి దూరి బయటపడ్డాయి. వాటి వెనకాలే పెట్టలు, పెట్టల్ని తోసుకుంటూ పుంజు.

"ఒక్కొక్కరు, ఒక్కొక్కరు," అన్నారు నాన్న. గొంతు మొదట బొంగురుగా వచ్చి, తర్వాత దారిలో పడింది. "తోసుకోవద్దు. దిగేవాళ్లని దిగనివ్వండి ముందు. ఏవండీ పుంజుగారూ, లేడీస్ ఉన్నారు, కనపడట్లేదా? వెనకాల చుక్కలవాళ్లు, త్వరగా రండి, బండి ఆగదు."

నానమ్మ పైకప్పు వైపు చూసింది. టీచరు నేల వైపు చూసింది. సంగతి తెలియని తాళాలబ్బాయి మాత్రం, "మీ నాన్నగారు భలే మాట్లాడతారండీ," అన్నాడు.

"అవును," అంది టీచరు.

ఆ తర్వాత అతను తాళం ఎలా ఉందో చూద్దామని ఒకసారి వచ్చాడు. తలుపు బిజాగరీలకి నూనె వేద్దామని ఇంకోసారి వచ్చాడు. గూటికి గడియ కావాలేమోనని వచ్చాడు. మొదట్లో వచ్చిన ప్రతిసారీ గిన్నికోళ్లు వీధి వీధంతటికీ చాటింపు వేశాయి.

గూడు కట్టింది నాన్న. చూసినవాళ్లకి ఎవరు కట్టారో చెప్పక్కర్లేదు. రెండు వైపులా వరసగా కర్రలు, మధ్యలో నడవడానికి దారి, ముందొక తలుపు, వెనకొక తలుపు. ముందు కర్రలు రెండూ ఆడవాళ్లకని ఆయన తేల్చారు.

"పుంజూ ఒక మగబాతూ తప్ప అందరూ ఆడవాళ్లే కదరా. ఇంకా ఈ రిజర్వేషనెందుకు?" అంది నానమ్మ.

"రూలు రూలేనమ్మా."

చీకటి పడే వేళకి ఆయన గూటి ముందు నిలబడి తలలు లెక్కపెట్టేవారు. బాతులు ముందు తలుపులోంచి ఎక్కి వెనక తలుపులోంచి దిగిపోతే, ఇలాంటివాళ్లని సర్వీసులో చాలామందిని చూశానని చెప్పి మళ్లీ ఎక్కించేవారు.

తాళాలబ్బాయి గూటికి గడియతో పాటు తాళం కూడా తెచ్చాడు.

"గడియ చాలదా?" అంది టీచరు.

"కుక్కలొస్తాయండీ."

"తాళం తీయలేని కుక్క గడియ మాత్రం తీస్తుందా?"

అతను స్క్రూ బిగిస్తూ ఆలోచించాడు. "మీ స్కూల్లో పిల్లలు మీకు ఎదురు చెప్తారా?"

"ధైర్యం చాలదు."

"నాకూ చాలదు. అందుకే తాళం గురించి మాట్లాడుతున్నాను."

ఆ మాట ఆమెకి కొంచెం ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యేసరికి అతను రెండో స్క్రూకి వెళ్లిపోయాడు.

"తాళంచెవులు రెండు చేశాను," అన్నాడు లేస్తూ. "ఒకటి నా దగ్గర ఉంచుకోనా?"

"మా కోళ్లగూటి తాళంచెవి మీకెందుకు?"

"పోతే ఇవ్వడానికి. మీ ఇంట్లో పోయే అలవాటుంది కదా."

అనేశాక తనేమన్నాడో అతనికి వినిపించింది. మేకు మింగిన మనిషిలా నిలబడ్డాడు. "అంటే, నా ఉద్దేశం," అని మొదలుపెట్టి అక్కడే ఆగాడు.

టీచరు నవ్వింది. ఆ మాటకి నవ్వొచ్చినందుకు అతనికన్నా ఆమే ఎక్కువ ఆశ్చర్యపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. లోపల కూడా కాసేపు నవ్వింది.

అప్పుడే నల్లపెట్ట పొదగడానికి కూర్చుంది. బాతులకి ఆ ఓపిక లేదు. గుడ్లు పెట్టి, పెట్టిన చోటు మర్చిపోయి తిరుగుతున్నాయి. బస్సులో జనం వదిలేసిన గొడుగులు ఏరినట్టు నాన్న వాటిని ఏరుకొచ్చారు.

"ఇవీ దాని కిందే పెట్టేద్దాం," అన్నారు.

"ఎవరి గుడ్డయితేనేం, వేడి వేడే," అంది నానమ్మ.

టీచరు కూడా బాగుందనే అంది. ఆమె మూడో తరగతికి పక్షుల పాఠం ప్రతి ఏడూ చెప్తుంది. కోడిగుడ్లూ బాతుగుడ్లూ ఒకే రోజు, ఒకే పెట్ట కింద చేరాయి. ఇంత చదువూ అనుభవమూ వయసూ ఒకచోట ఉండి కూడా, ఎవరు ఎప్పుడు బయటికొస్తారన్న ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు.

పెట్ట ఇంకా గుడ్ల మీద ఉండగానే ఒక సాయంత్రం తాళాలబ్బాయి వచ్చి, దేనికొచ్చాడో చెప్పకుండా పెరటి మెట్టు మీద కూర్చున్నాడు.

"మా అన్నయ్య వేరే ఊళ్లో పెద్ద షాపు తీశాడండీ. నన్ను వచ్చేయమంటున్నాడు. ఇద్దరం కలిసి చూసుకుందామని."

"ఎప్పుడు?"

"నెలాఖరుకి."

టీచరు నూకలు చల్లుతోంది. పెట్టల మీద కాకుండా వేరే వైపు చల్లింది. "మంచి అవకాశం."

"అంటే వెళ్లమంటారా?"

"నేనేమంటానండీ? మీ ఇష్టం."

"నా ఇష్టం నాకు తెలుసు లెండి," అని అతను లేచి వెళ్లిపోయాడు. స్క్రూడ్రైవరు మెట్టు మీదే ఉండిపోయింది. కాసేపటికి దాని కోసం తిరిగి వచ్చాడు. ఆమె అందించింది. అతను తీసుకున్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారని మెట్టు మీది బాతు కూడా ఆగి చూసింది. అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి టీచరు కడిగిన పళ్లెమే మళ్లీ కడుగుతుంటే నానమ్మ చూసింది. చూసి, ఇంకో రెండు పళ్లేలు తెచ్చి పక్కన పెట్టింది.

నెలాఖరు దగ్గర పడింది. ఒక పొద్దున కోడిపిల్లలు గుడ్లు చీల్చుకుని వచ్చాయి. నల్లపెట్ట కాసేపు కూర్చుని, పిల్లల్ని వెంటేసుకుని గూట్లోంచి నడిచి వెళ్లిపోయింది. బాతుగుడ్లు ఉన్నచోటే ఉన్నాయి.

"వీళ్లింకా దిగలేదేం? స్టాపొచ్చింది కదా," అన్నారు నాన్న గూట్లోకి తల పెట్టి.

టీచరు ఫోన్లో వెతికి చదివింది. కోడికి మూడు వారాలు. బాతుకి నాలుగు.

"ఒకే బస్సు ఎక్కించాం కదమ్మా," అన్నారు నాన్న. పెట్టని తెచ్చి మళ్లీ కూర్చోబెట్టారు. అది లేచిపోయింది. మళ్లీ కూర్చోబెట్టారు. అది ఆయన చేతిని పొడిచి మరీ పోయింది. ఆయన అరచేతిలో ఒక గుడ్డు పెట్టుకుని నిలబడ్డారు. పెరటి తలుపు తెరవకముందు ఉన్న మొహం మళ్లీ వచ్చింది.

"వాటిలో ప్రాణం ఉందాండీ?" అన్న గొంతు వినపడి ముగ్గురూ తిరిగారు. తాళాలబ్బాయి వాళ్ల వెనకే నిలబడి ఉన్నాడు.

"నువ్వెప్పుడొచ్చావు?" అంది నానమ్మ.

"ఇప్పుడే. ఎల్లుండి వెళ్తున్నాను కదా, చెప్పిపోదామని."

నానమ్మ అతన్ని చూసింది. తర్వాత గిన్నికోళ్లని చూసింది. అవి గోడ వారన పురుగులు ఏరుకుంటున్నాయి. ఒక్కటీ తలెత్తలేదు.

"పాలవాడు రోజూ వస్తాడు, ఇవి రోజూ అరుస్తాయి," అంది ఆవిడ. "మొన్న మావాడు చలికి మఫ్లరు చుట్టుకుంటే, తిండి పెట్టేవాడని కూడా చూడకుండా అరిచాయి. నువ్వొస్తే చీమ కుట్టినట్టు కూడా లేదే. ఎన్నిసార్లొచ్చావు నాయనా మా ఇంటికి?"

"గడియ వదులవుతుంటే అప్పుడప్పుడు."

"గడియ వదులవడానికి కూడా ఒక హద్దుంటుంది."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నానమ్మ మనవరాలి వైపు తిరిగింది. "పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ, లోకమంతా చీకటనుకుంటుందట. ఏం టీచరూ?"

"నానమ్మా, ముందు గుడ్ల సంగతి చూడు."

"చూస్తూనే ఉన్నా. రెండూ చూస్తున్నా."

"మా కొట్లో బల్బు పెట్టె ఉందండీ," అన్నాడు తాళాలబ్బాయి, నేలకేసి చూస్తూ. "తడిసిన తాళాలు ఆరబెట్టేది. లోపల వెచ్చగా ఉంటుంది. మిగిలిన వారమూ అందులో ఉంచుదాం."

"మీరు ఎల్లుండి వెళ్తున్నారు కదా," అంది టీచరు.

అతను అక్కడే ఫోను తీశాడు.

"అన్నయ్యా, ఒక వారం లేటవుతుంది. గుడ్లు. బాతువి. కాదు, నావి కాదు. తెలిసినవాళ్లవి." కొంచెం ఆగి విన్నాడు. "నిజంగా గుడ్లే అన్నయ్యా."

ఆ వారమంతా స్కూలు అవగానే టీచరు కొట్టుకి వెళ్లేది. గుడ్లని తిప్పాలి, పైన కొంచెం నీళ్లు చిలకరించాలి. పెట్టెలో ఒక చిన్న బల్బు, దాని చుట్టూ పాతగుడ్డల్లో గుడ్లు. కొట్టు గోడల నిండా తాళంచెవులు వేలాడుతూ ఉండేవి. కొట్టులో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఉండాల్సిందే. తాళం కోసం వచ్చినవాళ్లు పెట్టెని చూసి, టీచరుని చూసి, తర్వాత వస్తామని వెళ్లిపోయేవారు.

"నా బేరాలు చెడగొడుతున్నారు," అన్నాడతను.

"బాతుల్ని అడగండి నష్టపరిహారం."

మూలన జిప్పు వేసిన పెద్ద సంచీ ఉంది. ఇద్దరూ దానికి తగలకుండా తిరిగేవారు.

వారం సగంలో వాన వచ్చింది. మొదట రోడ్డు అవతలున్న కొట్లు కనపడకుండా పోయాయి, తర్వాత రోడ్డు. సగం మూసిన షట్టరు కిందనుంచి నీళ్లు లోపలికి తొంగి చూశాయి. సాయంత్రం నాలుగింటికే చీకటిగా ఉంది. ఇంకొంచెం ఉధృతంగా కొట్టాక కరెంటు పోయింది. పెట్టెలో బల్బు ఆరిపోయింది.

ఇద్దరూ పెట్టెని చూశారు.

"ఎంతసేపు ఆగుతాయి?" అంది ఆమె.

"చల్లబడేదాకా."

ఆమె కొంగు పరిచింది. అతను గుడ్లు తీసి పంచాడు. సగం ఆమె ఒడిలో, సగం అతని ఒడిలో. గుడ్డల మడతల కింద అరచేతులు పెట్టి, బల్ల వెనక ఉన్న ఒక్క బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఆ భంగిమలో మనిషి ఏ పనీ చేయలేడు. మొహం తుడుచుకోలేడు, ఫోను ఎత్తలేడు, లేచి పోనూ లేడు. మాట్లాడటం ఒక్కటే మిగులుతుంది.

"ఒక మాట చెప్పనా?" అన్నాడతను.

"గుడ్లు కదలకుండా చెప్పండి."

"మీ ఇంటి తాళం రెండోసారి చూడాల్సిన అవసరం లేదు. మొదటిరోజే సరిగ్గా ఉంది."

"తెలుసు."

"బిజాగరీలకి మీ నాన్నగారు ముందురోజే నూనె వేసుకున్నారు."

"అదీ తెలుసు. నూనె సీసా ఇచ్చింది నేనే."

"మరి చెప్పలేదే?"

"చెప్తే రావడం మానేస్తారని."

వాన చప్పుడులో ఆ మాట తగ్గి వినిపించింది కానీ వినిపించింది. అతను గుడ్లు కదలకుండా ఆమె వైపు తిరగడానికి చూశాడు. కుదరలేదు. ఎదురుగా గోడ మీది తాళంచెవులతోనే చెప్పాల్సి వచ్చింది.

"మీరంటే నాకు ఇష్టమండీ. వెళ్లొద్దని మీరు ఒక్క మాటంటే నేను వెళ్లను. మా అన్నయ్యకి సాయానికి ఇంకొకరు దొరుకుతారు."

ఆమె కూడా ఆ తాళంచెవుల వైపే చూసింది.

"ఆస్పత్రిలో అమ్మని అడిగాను," అంది. "వెళ్లొద్దని. చెయ్యి పట్టుకుని మరీ అడిగాను. అడిగితే ఉంటారని అప్పటిదాకా అనుకునేదాన్ని."

వాన పడుతూనే ఉంది.

"అప్పటినుంచి ఎవరినీ ఆ మాట అడగలేదు. క్లాసులో పిల్లలు ఊరు మారి వెళ్లిపోతుంటే కూడా, మంచి స్కూలు అని చెప్పి పంపిస్తాను. నాకు ఇష్టం లేక కాదు. ఆ మాట నా నోటికి రావట్లేదు."

అతను ఓదార్చలేదు. కాసేపటికి, "నా వైపు ఒక గుడ్డు కదిలినట్టుంది," అన్నాడు.

"నిజంగానా?"

"తెలీదు. నా చేతులే వణుకుతున్నాయేమో."

కరెంటు వచ్చింది. పెట్టెలో బల్బు వెలిగింది. గుడ్లని వెంటనే లోపల పెట్టాలని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కొంచెం ఆలస్యంగా లేచారు.

వారం తిరిగేసరికి గుడ్లు పగిలాయి. ఒక్కటి మాత్రం పగల్లేదు. మిగతావాటిలోంచి పసుపుపచ్చని పిల్లలు, తడిసి, కోపంగా బయటికొచ్చాయి. తాళాలబ్బాయి వాటిని అట్టపెట్టెలో పెట్టుకుని మధ్యాహ్నం ఇంటికి తెచ్చాడు. భుజాన జిప్పు సంచీ కూడా ఉంది. గిన్నికోళ్లు పట్టించుకోలేదు.

నాన్న ఒక్కో పిల్లనీ తీసి నేల మీద దింపారు. "దిగండి దిగండి. బాగా లేటయింది బండి. డ్రైవరు మంచివాడు కాబట్టి చేరారు." నానమ్మ పగలని గుడ్డుని తీసుకెళ్లి గోడ మూలన మట్టిలో పెట్టి వచ్చింది.

"ఇంక నేను బయల్దేరతానండీ," అన్నాడు తాళాలబ్బాయి. "సాయంత్రం బస్సుకి."

నాన్న బాతుపిల్లని చేతిలో పెట్టుకుని ఆలోచించారు. "ఆ ఊరికి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒకటి. రెండింట్లోనూ డ్యూటీ చేశాను. సాయంత్రంది దారిలో ఆగిపోతుంది. పొద్దునది అసలు బయల్దేరదు."

"మరి మనుషులెలా వెళ్తారండీ?"

"వెళ్లకూడదు," అన్నారు నాన్న, ఎటో చూస్తూ. "నేనైతే వెళ్లమని చెప్పను. కానీ నేను చెప్పేది లెక్కలోకి రాదు. అడగాల్సినవాళ్లు అడగాలి."

అందరూ టీచరు వైపు చూడకుండా నిలబడ్డారు. అలా చూడకుండా ఉండటం చూడటంకన్నా బరువుగా ఉంది. అతను సంచీ సర్దుకుని, నానమ్మకి చెప్పి, పెరటి మెట్టు ఎక్కాడు.

"వెళ్లకండి," అంది టీచరు.

గొంతు ఆమె అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. క్లాసులో వెనక బెంచీకి చెప్పే గొంతు.

"వెళ్లొద్దు," అంది మళ్లీ. ఈసారి కొంచెం తగ్గి. "కూర్చోండి."

అతను అక్కడున్న తవుడు బస్తా మీద వెంటనే కూర్చున్నాడు. సంచీ ఇంకా భుజానే ఉంది.

"ఉంటారా?" అంది ఆమె. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చీర అంచు పట్టుకుంది.

"కూర్చున్నాను కదండీ."

ఆమె అతన్ని చూసింది. అతను నిజంగానే కూర్చుని ఉన్నాడు. ఆమె ఇంకాసేపు చూసింది. అతను ఇంకా కూర్చునే ఉన్నాడు.

"ఇంత మాటకి ఇన్నాళ్లా," అంది నానమ్మ. "మా కాలంలో అయితే బాతులు లేకుండానే అయిపోయేది." అని కళ్లు తుడుచుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"మీ పెద్దవాళ్లతో నేను మాట్లాడతాను," అన్నారు నాన్న అతనితో. "సంచీ దింపు ముందు. బండి ఆగాక కూడా సామాను మోస్తూ కూర్చుంటారేంటయ్యా."

అతని అమ్మానాన్నలు మరుసటి వారమే వచ్చారు. గిన్నికోళ్లు వాళ్లని చూసి అరవాల్సినంతా అరిచాయి. వాళ్లేమీ అనుకోలేదు. అన్నయ్య కూడా వచ్చి, గుడ్లు నిజమేనని బాతుపిల్లల్ని చూసి ఒప్పుకున్నాడు. పెళ్లి సెలవుల్లో అనుకున్నారు. పెళ్లయ్యాక కూడా స్కూలు ఇదే, కొట్టు అదే. రెండు వీధుల అవతల ఒక ఇల్లు చూసిపెట్టారు.

బాతుపిల్లలు పెరుగుతున్నాయి. వాటికి ఒక నీళ్లగుంట కావాలి. పెరట్లో పల్లంగా, నీడగా ఉన్న చోటు ఒక్కటే. అక్కడ అమ్మ బట్టలు ఉతికిన బండ ఉంది. ఒక ఆదివారం నాన్న, తాళాలబ్బాయి గునపం తీసుకుని దాని దగ్గరికి వెళ్లారు. బండ మధ్యలో ఒక చోట అద్దంలా నున్నగా అరిగి ఉంది. నాన్న అక్కడ చెయ్యి పెట్టారు.

"రేపు చూద్దాం," అన్నారు.

"అలాగేనండీ," అన్నాడు తాళాలబ్బాయి, గునపాన్ని గోడకి ఆనించి.

తర్వాత చాలా ఆదివారాలు వచ్చాయి. బాతులు పాత నీళ్లతొట్టిలో వంతులవారీగా దిగుతున్నాయి. బండ ఇంకా తీయలేదు.